తోటకు బ్యాటరీ బండి కొనాలా? కొనేముందు వేయాల్సిన లెక్కలు

జూపార్కులో పిల్లలతో బ్యాటరీ బండి ఎక్కి తిరుగుతాం. రైల్వే స్టేషన్లో పెద్దవాళ్లను ప్లాట్‌ఫారం చివరిదాకా అదే దింపుతుంది. రిసార్టుకు వెళ్తే గది దగ్గరకు సామానంతా అదే మోసుకొస్తుంది. ఇంటికి తిరిగొచ్చాక చేవెళ్ల వైపో నూజివీడు వైపో ఉన్న తోట గుర్తొస్తుంది. మనకూ ఒక బ్యాటరీ బండి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు. అయిదారు లక్షలు పెట్టేముందు మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని ఒక పూట కూర్చోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇరవై ఎకరాలకు లోబడిన తోటలో సరుకు మోయడానికే అయితే గోల్ఫ్ కార్ట్ అనే ఈ బ్యాటరీ బండి దండగ. నడవలేని మనుషులను రోజూ తిప్పడానికి, ప్రహరీ లోపలే తిరగడానికి అయితే ఆలోచించదగ్గ వస్తువే. ఈ రెంటి మధ్య ఉన్నవాళ్ల కోసమే కింది లెక్కలన్నీ.

ముందుగా, ఏ బండి గురించి మాట్లాడుతున్నాం?

దుకాణంలో అన్నిటినీ బగ్గీ అనే అంటారు కానీ అందులో మూడు రకాలున్నాయి. మొదటిది అసలైన గోల్ఫ్ కార్ట్. చిన్న చక్రాలు, తలుపులు ఉండవు, గంటకు 20–25 కిలోమీటర్లకు మించని వేగం. గడ్డి మైదానం మీద ఇద్దరు మనుషులు, రెండు సంచులు అన్న లెక్కతో పుట్టిన బండి. రెండోది అదే కార్ట్‌కు వెనక సీటు తీసి పెట్టె బిగించినది. దీన్ని యుటిలిటీ కార్ట్ అని అమ్ముతారు. పెట్టెలో మోడల్‌ను బట్టి 150 నుంచి 250 కిలోల దాకా వేయవచ్చు. మూడోది యూటీవీ, అంటే గట్లు, గుంతల మీద కూడా నడిచే పనిబండి. పెద్ద చక్రాలు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం, బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా చుట్టూ ఉక్కు చట్రం, సీటు బెల్టు ఉంటాయి. పొలారిస్ రేంజర్ వంటి పెద్ద మోడళ్లలో వెనక పెట్టె ఒక్కటే 450 కిలోలు మోస్తుంది. మనకు ఇవి ఎక్కువగా దిగుమతులే, ధర కూడా కారు ధరతో పోటీ పడుతుంది.

యూట్యూబులో అమెరికా వాళ్ల సలహాలు చూసి నిర్ణయించుకోకండి. అక్కడ జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీ లాంటి ఊళ్లలో కార్ట్‌ల కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రత్యేక బాటలున్నాయి. తక్కువ వేగం వాహనాలు అనే తరగతిని అక్కడి ప్రభుత్వం 1998లోనే గుర్తించి, అద్దాలు, బెల్టులు ఎలా ఉండాలో చెప్పింది. అక్కడ పిల్లలను బడిలో దింపడానికి, కూరగాయలు తేవడానికి కూడా ఆ బండి పనికొస్తుంది కాబట్టి డబ్బు గిట్టుతుంది. మన దగ్గర అది గేటు దాటి బయటికి రావడానికి వీల్లేదు.

1. ఒక నెల చిట్టా రాయండి

కొటేషన్ అడిగేముందు చేయాల్సిన పని ఇదే. తోటలో ఒక పుస్తకం పెట్టి, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లారు, ఏమి మోశారు, సుమారుగా ఎంత బరువు, ఎంతసేపు పట్టింది అని మేస్త్రీ చేత రాయించండి. అతనికి తీరిక లేకపోతే సాయంత్రం ఫోన్ చేసి మీరే అడిగి రాసుకోండి. వీలైతే రెండు విడతలు రాయండి. పని తక్కువగా ఉండే నెల ఒకటి, కోతలో ఒకటి.

నెల తిరిగేసరికి ఒక విషయం బయటపడుతుంది. మీరు ఊహించుకున్న ప్రయాణాలు వేరు, నిజంగా జరిగేవి వేరు. మోటారు దగ్గరకు వెళ్లి స్విచ్ వేయడం, డ్రిప్ వాల్వు తిప్పడం, ఊళ్లోకి వెళ్లి మందు డబ్బా తేవడం, కూలీలకు మంచినీళ్లు చేర్చడం. వీటిలో ఊళ్లోకి వెళ్లే పనులను కొట్టేయండి, బ్యాటరీ బండి అక్కడికి పోదు. మోటార్‌సైకిల్ మీద అయిపోయే పనులనూ కొట్టేయండి. మిగిలినవే మీ బండి చేయగలిగే పనులు. చాలామందికి ఆ పేజీలో పెద్దగా ఏమీ మిగలదు.

2. నడక లెక్క

తోట చాలా పెద్దదండీ, తిరగలేకపోతున్నాం అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఇరవై ఎకరాలంటే సుమారు 81,000 చదరపు మీటర్లు. చదరంగా ఉంటే ఒక్కో వైపు 285 మీటర్లు. గట్టు వెంట చుట్టూ తిరిగితే 1,140 మీటర్లు. మామూలు నడకలో పావుగంట. యాభై ఎకరాలైతే 1.8 కిలోమీటర్లు, ఇరవై అయిదు నిమిషాలు. వంద ఎకరాలకు రెండున్నర కిలోమీటర్లు, అరగంటకు కాస్త పైన.

అంటే ఇరవై ఎకరాల ఆసామికి, మోకాళ్లు బాగుంటే, బండి వల్ల మిగిలేది పది నిమిషాలు. పైగా చెట్టు మొదట్లో కాండం తొలిచే పురుగు విసర్జించిన పొట్టును బండి మీద వెళ్లేవాడు చూడలేడు. పూత మీద తేనెమంచు పురుగు ఉందో లేదో కొమ్మ పట్టుకుని వంచితేనే తెలుస్తుంది. తోట చూడటం అంటే నడవడమే.

ఈ లెక్క తప్పే సందర్భాలు రెండున్నాయి. తోట పొడవుగా, సన్నగా, రెండు కిలోమీటర్లు సాగి ఉండవచ్చు. లేదా ఇంట్లో నడవలేని పెద్దలు ఉండవచ్చు. డెబ్భై అయిదేళ్ల నాన్నగారు తను నాటిన చెట్లు రోజూ చూసుకోవాలనుకుంటే, ఆ అవసరానికి రూపాయల్లో విలువ కట్టకండి. కొనండి. కానీ ఆ కొనుగోలును తోట ఖర్చులో కాక ఇంటి ఖర్చులో రాసుకోండి. అలా రాసుకుంటే ఆదాయం లెక్క తారుమారు కాదు, ఏ మోడల్ కొనాలో కూడా తేలిగ్గా తేలుతుంది. మెట్టు ఎత్తు తక్కువగా, పట్టుకోవడానికి కమ్మీ గట్టిగా, సీటు వెడల్పుగా ఉన్నదే ఆయనకు మంచి బండి.

3. బరువు లెక్క

మామిడినే తీసుకుందాం. ఎకరాకు 3 టన్నుల కాపు వచ్చిందనుకుంటే ఇరవై ఎకరాలకు 60 టన్నులు. ఇరవై కిలోల ప్లాస్టిక్ క్రేట్లలో సర్దితే 3,000 క్రేట్లు. యుటిలిటీ కార్ట్ పెట్టెలో 200 కిలోలు, అంటే పది క్రేట్లు పడతాయి. అంటే 300 ట్రిప్పులు. మినీ ట్రాక్టర్ వెనక చిన్న ట్రక్కులో ఒక టన్ను వేస్తే 60 ట్రిప్పులతో అదే సరుకు షెడ్డుకు చేరుతుంది. తోట లోపల దూరం తక్కువ కాబట్టి సమయమంతా ఎక్కించడానికి, దించడానికే పోతుంది. ట్రిప్పులు అయిదింతలైతే ఎక్కే మనిషి, దిగే మనిషి, ఎదురుచూసే మనిషి కూలి కూడా ఆ దామాషాలో పెరుగుతుంది.

కోత కాలం నలభై, యాభై రోజులు. ఆ రోజుల్లో ట్రాక్టరు ఎలాగూ బాడుగకు తెప్పిస్తారు. మిగతా పది నెలల్లో మోసేది పశువుల ఎరువు, యూరియా బస్తాలు, డ్రిప్ సామాను, పందిరి రాళ్లు. ఎరువు వేసేది ఏడాదిలో ఒకటి రెండు సార్లు, అది కార్ట్ మోయలేనంత బరువు. మందు పిచికారీకి 200 లీటర్ల డ్రమ్ము కార్ట్ మీద పెట్టుకుంటామని కొందరంటారు. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు, సగం నిండిన డ్రమ్ములో నీళ్లు ఊగుతుంటే ఇరుకు మలుపులో చిన్న బండి అదుపు తప్పుతుంది. ఆ పనికి ఈ బండి వద్దు.

కూరగాయలు, పూలు, డ్రాగన్ ఫ్రూట్, నర్సరీ పెంచేవాళ్లకు కథ వేరు. రోజూ కోత ఉంటుంది. ఒక్కో విడత వంద, నూటయాభై కిలోలే ఉంటుంది. వరసల మధ్య బాట ఇరుకు. నర్సరీలో మొక్కల ట్రేలు కుదుపు లేకుండా మెల్లగా కదలాలి. ఇక్కడ యుటిలిటీ కార్ట్ నిజంగా పనిచేస్తుంది. నేను కొనమని వెనకాడకుండా చెప్పేది ఎవరికైనా ఉంటే, అది పెద్ద నర్సరీ వాళ్లకే.

4. నేల ఏమంటుంది?

గోల్ఫ్ కార్ట్ అడుగు భాగానికీ నేలకూ మధ్య ఎడం నాలుగైదు అంగుళాలే. యూటీవీకి పది, పన్నెండు అంగుళాలు ఉంటుంది. మీ తోటలో సాలు గట్లు, మొక్క చుట్టూ పాదులు, పైపులైను తవ్వి పూడ్చిన గుంతలు ఉంటే టేపు పట్టుకుని కొలవండి. ఆరంగుళాల గట్టు దాటాల్సిన చోట కార్ట్ పొట్ట తగులుతుంది.

ఎర్ర నేల, ఇసుక నేల వాన తగ్గిన మర్నాటికి బండిని రానిస్తాయి. నల్లరేగడి రానివ్వదు. జూలై నుంచి అక్టోబరు దాకా వెనక చక్రాలకు మాత్రమే బలమున్న బండి రేగడిలో దిగబడుతుంది. దాన్ని లాగడానికి మళ్లీ ట్రాక్టరే రావాలి. రేగడిలో బండి నడవాలంటే ముందు మొరం బాట వేయాలి. ఆ బాట ఖర్చు బండి ఖర్చులో కలపండి. కొన్ని తోటల్లో బాటే బండి కన్నా ఎక్కువవుతుంది.

వాలు ఉన్న నేల అయితే బ్రేకుల గురించి అడిగి తీరాలి. పాత కార్ట్‌లలో, చవక మోడళ్లలో వెనక చక్రాలకు మాత్రమే బ్రేకులు ఉంటాయి. నలుగురు కూర్చుని రాతి వాలు దిగేటప్పుడు అవి చాలవు. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులున్నదే అడగండి. ఇంకో ప్రమాదం, తలుపుల్లేని బండి వేగంగా మలుపు తిరిగితే అంచున కూర్చున్నవాళ్లు జారి పడటం. వెనక్కి తిరిగి కూర్చునే సీట్లలో పిల్లలను కూర్చోబెట్టి చుట్టాలు తోట చూపించడం ఆదివారం మామూలే. బెల్టులు పెట్టించండి. గోల్ఫ్ కార్ట్‌కు బోల్తా చట్రం ఉండదు, పైకప్పు ఎండ ఆపడానికే తప్ప బరువు ఆపడానికి కాదు.

చివరగా తుమ్మముల్లు. కంచె వెంట తుమ్మ, ఇతర ముళ్లచెట్లు ఉన్న తోటలో ఎనిమిది, పది అంగుళాల రిమ్ముల టైర్లకు పంక్చర్లు తరచుగా పడతాయి. ఆ సైజు టైరు మండల కేంద్రంలో దొరకదు. ఒకటి అదనంగా కొని షెడ్డులో పెట్టుకోవాలి.

5. గేటు బయట చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) ప్రకారం, కర్మాగారంలో గానీ మరే ఇతర ఆవరణ లోపల గానీ మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక తరహా బండి మోటారు వాహనం కిందకు రాదు. తోట కంచె లోపల తిరిగే కార్ట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేకపోవడానికి ఆధారం ఇదే. అదే బండి రోడ్డెక్కిందంటే ఆ రక్షణ పోతుంది. నంబరు లేదు, బీమా లేదు, రోడ్డు యోగ్యత లేదు.

మీ భూమి రెండు ముక్కలై మధ్యలో పంచాయతీ రోడ్డు పోతుంటే దాన్ని దాటడం కూడా రోడ్డు వాడకమే. పది అడుగులే కదా అనకండి. ఆ పది అడుగుల్లో ఒక మోటార్‌సైకిల్ వచ్చి తగిలితే, గాయపడ్డవారి చికిత్స ఖర్చూ పరిహారమూ బీమా లేకుండా మీ జేబులోంచే పోతాయి. ఇలాంటి భూమి ఉన్నవాళ్లు గోల్ఫ్ కార్ట్ ఆలోచన ఇక్కడితో ఆపి, రిజిస్ట్రేషన్ అయ్యే బండి వైపు చూడటం మేలు.

తోటలో పనిచేసేవాళ్లు బండి నడుపుతూ గాయపడితే యజమానికి బాధ్యత ఉంటుంది. సందర్శకులను డబ్బు తీసుకుని తిప్పే ఆలోచన ఉంటే బీమా ఏజెంటుతో ముందే మాట్లాడి, ఏ పాలసీ వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

6. బ్యాటరీయే అసలు బండి

కొనేవాళ్లందరూ సీట్లు, రంగు, పైకప్పు చూస్తారు. మీరు చూడాల్సింది సీటు కింద. 48 వోల్టుల కార్ట్‌లో సాధారణంగా 8 వోల్టుల సీసం బ్యాటరీలు ఆరు గానీ, 6 వోల్టులవి ఎనిమిది గానీ ఉంటాయి. ఆరు 8 వోల్టుల బ్యాటరీల బరువు 170 కిలోల దాకా ఉంటుంది. 48 వోల్టులు, 170 ఆంపియర్ అవర్లు అంటే కాగితం మీద 8 యూనిట్ల కరెంటు. కానీ సీసం బ్యాటరీని సగం కన్నా కిందికి దించుతూ పోతే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి మీకు దక్కేది నాలుగు యూనిట్లే. గట్టి బాట మీద అవి 30 కిలోమీటర్లకు వస్తాయి. దుక్కి చేసిన మెత్తని నేలలో, బరువుతో అయితే అందులో సగం.

ఎండ ఈ బ్యాటరీలకు శత్రువు. 25 డిగ్రీల దగ్గర కంపెనీ చెప్పే ఆయుష్షు, ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ సగమవుతుందని లెక్క. మన వేసవిలో రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా. శ్రద్ధగా చూసుకుంటే నాలుగేళ్లు, నిర్లక్ష్యం చేస్తే రెండేళ్లు.

శ్రద్ధ అంటే ఏమిటో చెబుతాను. వాడిన రోజు రాత్రే పూర్తిగా చార్జింగ్ పెట్టాలి. ఖాళీ బ్యాటరీని వారం వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ పూర్తి సామర్థ్యం రాదు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగులో ఆమ్లం పొంగి కింద ఇనుప ఫ్రేమును తినేస్తుంది. పలకలు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత పోసి చార్జింగ్ పెట్టాలి. బోరు నీళ్లు పోస్తే అంతే సంగతులు. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆ గది గాలి ఆడేలా ఉండాలి, అక్కడ బీడీ వెలిగించకూడదు. ఎలుకలు వైర్లు కొరకకుండా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇవన్నీ మీ తోటలో ఎవరు చేస్తారు? మీరు శనివారం వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. కావలి మనిషికి వంద పనులు. పేరుపెట్టి ఫలానా మనిషి చేస్తాడు అని చెప్పలేకపోతే సీసం బ్యాటరీ బండి కొనకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీకి నీళ్లు పోసే పని లేదు, బరువు సీసం దాంట్లో మూడో వంతే, రెండువేల పైచిలుకు సార్లు చార్జింగ్ పెట్టవచ్చు, కొన్ని రోజులు పట్టించుకోకపోయినా అలగదు. ధర ఎక్కువ. అయినా నీళ్లు పోసే మనిషి లేనిచోట అదే చవక.

కరెంటు సంగతి. వ్యవసాయ కనెక్షన్ మోటారు కోసం ఇచ్చినది. దాని మీద బండి చార్జింగ్ పెడితే, అనుమతించిన పనికి కాక వేరే పనికి వాడినట్టే. విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 126 కింద వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన వసూలు చేయవచ్చు. పైగా చార్జింగుకు ఎనిమిది, పది గంటలు ఏకధాటిగా కరెంటు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఇచ్చేది పగటిపూట తొమ్మిది గంటలు, అదేమో బండి తిరిగే సమయం. తోట ఇంటికి విడిగా కనెక్షన్ ఉండాలి, సరైన ఎర్తింగు ఉండాలి, ఓల్టేజీ ఊగిసలాడే ఊళ్లో చార్జరు ముందు స్టెబిలైజరు పెట్టాలి.

7. డబ్బు లెక్క

ఇక్కడ నేను వేసే అంకెలు ఉదాహరణకే. మీ కొటేషన్‌లో ఉన్నవి ఆ స్థానంలో పెట్టుకోండి. బండి 5 లక్షలు, ఏడేళ్ల తర్వాత అమ్మితే లక్ష వస్తుంది అనుకుందాం. ఏడాదికి తరుగు 57,000. మూడేళ్లకోసారి 90,000 పెట్టి బ్యాటరీ సెట్టు మార్చాలంటే ఏడేళ్లలో రెండుసార్లు, ఏడాదికి 26,000. టైర్లు, బ్రేకులు, సర్వీసు 12,000. పెట్టిన డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ 21,000. చార్జింగుకు రోజుకు ఆరు యూనిట్లు, యూనిట్ పది రూపాయలు, అంటే 60 రూపాయలు.

ఏడాదికి 200 రోజులు తిప్పేవాళ్లకు మొత్తం 1,28,000. రోజుకు 640 రూపాయలు. శని, ఆదివారాలు కలిపి 60 రోజులు తిప్పేవాళ్లకు మొత్తం దాదాపు 1,20,000. రోజుకు 2,000. వాడకం మూడో వంతుకు తగ్గినా ఖర్చు ఎనిమిది వేలే తగ్గింది చూశారా? అమ్మేవాళ్లు కరెంటు ఖర్చు కిలోమీటరుకు రూపాయో రెండో అంటారు. నిజమే. కానీ ఆ ఖర్చు మొత్తంలో పదో వంతు కూడా కాదు. బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా మిగతా తొమ్మిది వంతులూ పడతాయి.

ఇప్పుడు మొదటి చిట్టా తీయండి. బండి వల్ల రోజుకు 640 రూపాయల కూలి, సమయం మిగులుతాయా? కూలి రేటుతో చూస్తే అది దాదాపు ఒక మనిషి దినకూలి. రోజూ ఒక మనిషి పని తగ్గుతుందంటే కొనవచ్చు. ఆదివారం చుట్టాలను తిప్పడానికైతే ఆ రెండువేలలో ఆటో మాట్లాడుకున్నా చేతికి కొంత మిగులుతుంది.

8. పోటీ బండ్లు

పదకొండు, పదిహేను హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు (స్వరాజ్ కోడ్, మహీంద్రా యువరాజ్ 215 వంటివి) వరసల మధ్య దున్నుతాయి, పిచికారీ చేస్తాయి, ట్రక్కు లాగుతాయి, రిజిస్ట్రేషన్ అవుతాయి, అమ్ముదామంటే ఊళ్లోనే కొనేవాడు దొరుకుతాడు. బ్యాటరీ ట్రాలీ ఆటో, అంటే మహీంద్రా ట్రియో జోర్ తరహా మూడు చక్రాల సరుకు బండి, సుమారు 550 కిలోలు మోస్తుంది, మార్కెట్టుకు కూడా వెళ్తుంది. అయితే మూడు చక్రాలది కాబట్టి గట్ల మీద, అడ్డవాలు మీద పల్టీ కొట్టే భయముంది. చదునైన తోట, దగ్గర్లో పట్నం ఉన్నవాళ్లకు బాగా కుదురుతుంది. పాత టాటా ఏస్ సంగతి మీకు తెలిసిందే.

బండి ఎంత బాగుందన్నదానికన్నా దాని కంపెనీ ఎన్నాళ్లుంటుందన్నది ముఖ్యం. ఐషర్, పొలారిస్ కలిసి 2015లో మల్టిక్స్ అనే బండి తెచ్చాయి. 511 సీసీ డీజిల్ ఇంజను, కుటుంబం కూర్చునే సీట్లు, వెనక సరుకు చోటు, పైగా మూడు కిలోవాట్ల దాకా కరెంటు ఇచ్చే ఏర్పాటు. పల్లెటూరి అవసరానికి కొలిచి కుట్టినట్టున్న బండి. 2018లో ఆ ఉమ్మడి సంస్థనే మూసేశారు. పెద్ద పేర్లు రెండున్నా అలా జరిగింది. అందుకే చిన్న కంపెనీ బగ్గీ కొనేముందు కంట్రోలరు (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసేది), మోటారు, చార్జరు ఎవరి తయారీవో అడగండి. కంపెనీ పోయినా ఆ మూడూ బయట దొరికేవైతే బండి బతుకుతుంది.

9. పాతది కొంటే

క్లబ్బులు, హోటళ్లు కొన్నేళ్లకోసారి బండ్లు మార్చేస్తాయి. అవి చవకగా దొరుకుతాయి. రంగు వేయించి తెస్తారు కాబట్టి రంగు చూడకండి. సీటు ఎత్తండి. బ్యాటరీల మీద తయారీ తేదీ ఉంటుంది. అన్నీ ఒకే నెలవి కాకపోతే, పాత వాటి మధ్య కొత్తవి ఇరికించారని అర్థం. బ్యాటరీ తొట్టి కింద తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. అల్యూమినియం ఫ్రేము బండికి ఈ బాధ తక్కువ.

వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి తీసుకెళ్లండి. పూర్తిగా చార్జింగ్ పెట్టి కొన్ని గంటలు ఆపిన 48 వోల్టుల సెట్టు 51 వోల్టుల దగ్గర చూపాలి. మీటరు మీద సరిగ్గా 48 కనిపిస్తే మురిసిపోకండి, అది సగానికి దిగువన ఉన్నట్టు. హైడ్రోమీటరుతో బ్యాటరీలోని ఒక్కో గదిలో (సెల్లులో) ఆమ్లం సాంద్రత చూడండి. అంకె ఎంతన్నదానికన్నా గదుల మధ్య తేడా ముఖ్యం. 0.050 కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ పోయినట్టే. తర్వాత నలుగురిని ఎక్కించి వాలు ఎక్కించండి. ఎక్కుతుండగా ఏ బ్యాటరీ వోల్టేజీ మిగతావాటికన్నా బాగా పడిపోతుందో చూడండి. బ్యాటరీలు మార్చాలని తేలితే కొత్త సెట్టు ధరను అడిగిన రేటులోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.

అపార్ట్‌మెంట్ల వాళ్లకు

గేటెడ్ కమ్యూనిటీ సంఘాలు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నాయి. అక్కడ లెక్క పూర్తిగా వేరు, ఎందుకంటే పెద్ద ఖర్చు డ్రైవర్లది. రెండు షిఫ్టులకు ఇద్దరు, ఒక్కొక్కరికి నెలకు 15,000 అనుకుంటే ఏడాదికి 3,60,000. బండి ఖర్చు 1,30,000 కలిపితే 4,90,000. మూడువందల ఇళ్లకు పంచితే నెలకు 136 రూపాయలు, ఎవరూ కాదనరు. అరవై ఇళ్లకు పంచితే 680, సర్వసభ్య సమావేశంలో గొడవ ఖాయం. డ్రైవరు లేకుండా తాళంచెవి సెక్యూరిటీ దగ్గర పెడదామనే ప్రతిపాదనకు మాత్రం ఒప్పుకోకండి. వారం తిరగకముందే పిల్లలు నడుపుతారు.

చట్టం విషయంలో ఒక మెలిక ఉంది. చాలా లేఅవుట్లలో లోపలి రోడ్లను అనుమతి సమయంలో గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చి ఉంటారు. అలాంటప్పుడు గేటు ఉన్నా అవి కాగితం మీద ప్రజల రోడ్లే. లేఅవుట్ పత్రాలు చూశాకే తీర్మానం చేయండి.

బయానా ఇచ్చేముందు

కొటేషన్‌లో పన్నుతో కలిపి ధర, రవాణా, చార్జరు, బెల్టులు ఉన్నాయో లేదో విడివిడిగా రాయించండి. బండికి ఇచ్చే వారంటీ వేరు, బ్యాటరీకి వేరు. రెండోదానికి నెలలు కాక షరతులు చదవండి. నీళ్లు పోసిన రికార్డు లేకపోతే వర్తించదు అనే వాక్యం ఉండవచ్చు. మెకానిక్కు ఏ ఊరినుంచి వస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు, రాకపోకల ఖర్చు ఎవరిది అని అడగండి. డెమోను షోరూము సిమెంటు నేల మీద ఒప్పుకోకుండా, బండిని మీ తోటకే తెప్పించండి. వాన పడిన మర్నాడైతే ఇంకా మంచిది. మీరు మోయాల్సిన బరువే వేసి, మీ తోటలో అన్నిటికన్నా చెడ్డ బాటలోనే నడిపించండి. డీలరు తీసుకురాను అంటే ఆ బాట మీద అది నడవదని అతనికీ తెలుసన్నమాట.